హార్లిక్స్ రివ్యూ: పిల్లలు పొడుగవడం సరే, ముందు ఆ నాలుగు వేల మీటర్ల కొండ సంగతి వినండి

హార్లిక్స్ మీద రివ్యూ ఏంటి, రేపు ఉప్పుకీ చింతపండుకీ కూడా రాస్తావా అని నవ్వేవాళ్లు నవ్వుకోండి. జ్వరం వస్తే హార్లిక్స్, ఆపరేషన్ అయితే హార్లిక్స్, ఆసుపత్రిలో ఎవరినైనా చూడ్డానికి వెళ్తే ఓ చేతిలో బత్తాయిలు ఇంకో చేతిలో హార్లిక్స్. బాలింతకీ అదే, బామ్మకీ అదే, పదో తరగతి పరీక్షలు రాసేవాడికీ అదే. ఇంతమంది కొనే వస్తువు గురించి ఆన్‌లైన్‌లో వెతికితే "గుడ్ ప్రొడక్ట్, ఫాస్ట్ డెలివరీ" తప్ప ఇంకేం కనబడదు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా. డెలివరీ గురించి ఒక్క ముక్క కూడా ఉండదు. అంటార్కిటికాలో ఉన్న ఒక అగ్నిపర్వతం గురించి మాత్రం చాలా ఉంటుంది, ఎందుకంటే ఈ డబ్బా మీద ఎన్నో గొప్పలు రాసుకున్నవాళ్లు అసలు రాసుకోవాల్సిన గొప్ప ఒక్కటి వదిలేశారు.

ముందు రుచి సంగతి తేల్చేద్దాం. నేను చెప్పేది మామూలు క్లాసిక్ మాల్ట్ రకం. మొలకెత్తించిన బార్లీనీ గోధుమపిండినీ వేడినీళ్లలో కలిపి ఉంచితే, మొలకలో ఉన్న ఎంజైములు పిండిని విడగొట్టి చక్కెరలుగా మారుస్తాయి. ఆ ద్రవానికి పాలు చేర్చి, గాలి తీసేసిన పాత్రల్లో ఎండబెట్టి, పెళుసుగా అయ్యాక పొడి కొడతారు. మూత తీయగానే వచ్చే ఆ కమ్మటి వాసన అక్కడి నుంచే వస్తుంది. వేరే డ్రింకుల్లో కోకో అన్నిటినీ కమ్మేస్తుంది, ఇందులో ధాన్యం రుచి, పాల రుచి రెండూ విడివిడిగా తెలుస్తాయి. నాకు నచ్చేది అదే. ఉత్త పొడి చెంచాతో నోట్లో వేసుకుంటే అంగిలికి అతుక్కుపోయి నాలుకతో గీక్కోవాల్సొస్తుంది చూడండి, ఆ సుఖం పాలల్లో కలిపి తాగితే రాదు. ఈ విషయంలో నాతో వాదనకి రావద్దు.

కలపడానికి ఓ పద్ధతి ఉంది. పాలు మరుగుతున్నప్పుడు పైనుంచి రెండు చెంచాలు గుమ్మరిస్తే ఉండలు కట్టి తేలుతుంది, అది పొడి తప్పు కాదు. గ్లాసులో పొడి వేసి, రెండు మూడు చెంచాల గోరువెచ్చటి నీళ్లు పోసి ముద్దలా కలిపాక వేడిపాలు పోస్తే చక్కగా కలిసిపోతుంది. పాలు లేకపోయినా ఉత్త వేడినీళ్లలో కూడా తాగొచ్చు, పొడిలోనే పాలు ఉన్నాయి కాబట్టి పూర్తిగా నీళ్లనీళ్లగా ఉండదు. ఈ "ఉత్త వేడినీళ్లు చాలు" అన్న గుణం గుర్తుపెట్టుకోండి, కథంతా దాని మీదే నడిచింది. ఇంకో సంగతి, ఈ పొడి గాల్లో తేమని ఇట్టే లాగేస్తుంది. కోస్తా వాళ్లకి చెప్పక్కర్లేదు, వానాకాలంలో మూత సరిగ్గా బిగించకపోతే వారం తిరిగేసరికి కత్తితో పొడిచి తీసుకోవాలి.

ఇక కథలోకి. హార్లిక్ అనేది ఇంటిపేరు. విలియం హార్లిక్, జేమ్స్ హార్లిక్ అని ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు. జేమ్స్ ఫార్మసిస్టు, పసిపిల్లలకి ఎండు ఆహారం తయారుచేసే కంపెనీలో పనిచేసినవాడు. విలియం ముందే అమెరికా చేరాడు, 1873లో జేమ్స్ కూడా వెళ్లి కలిశాడు. ఇద్దరూ షికాగోలో మొదలుపెట్టి, తర్వాత విస్కాన్సిన్ రాష్ట్రంలోని రసీన్ అనే ఊళ్లో ఫ్యాక్టరీ పెట్టారు. 1883లో పేటెంట్ వచ్చింది. వాళ్లు దీన్ని తయారుచేసింది పసిపిల్లలకీ, నీరసించిన రోగులకీ. అంటే మనం ఇప్పటికీ ఆసుపత్రికి సీసా పట్టుకెళ్తున్నామంటే తెలిసో తెలియకో దాన్ని మొదట దేనికి చేశారో దానికే వాడుతున్నాం. ప్రకటనల వాళ్లే దారి తప్పారు, మన అత్తయ్యలు కాదు.

పాడవదు, బరువుండదు, వంట పనిలేదు, మంచు కరిగించి పోసుకుంటే చాలు. ఇలాంటి వస్తువు కనబడితే ధ్రువయాత్రికులు ఊరుకుంటారా? దక్షిణ ధ్రువాన్ని 1911 డిసెంబర్‌లో మొట్టమొదట చేరిన అమండ్‌సెన్ కూడా హార్లిక్స్ వాడినవాడే. విలియం హార్లిక్‌కి ఈ యాత్రలంటే మోజు, వ్యాపారం కూడా కలిసొచ్చే మోజు. చేతిలో డబ్బుంది, ధ్రువాల వాళ్లకి ఇచ్చాడు. అలా ఇచ్చిన డబ్బే చివరికి అమెరికా నౌకాదళ అధికారి రిచర్డ్ బర్డ్ దగ్గరికి చేరింది.

బర్డ్ గురించి కాస్త చెప్పాలి. ఈయన అంటార్కిటికా వెళ్లడం కంటే అంటార్కిటికాకి డబ్బు పోగుచేయడంలో ఎక్కువ ఘనుడేమో అని నాకనిపిస్తుంది. 1928-30 మొదటి యాత్రకి రాక్‌ఫెల్లర్ ఇచ్చాడు, రాక్‌ఫెల్లర్ పర్వతాలు వెలిశాయి. ఎడ్సెల్ ఫోర్డ్ ఇచ్చాడు, ఫోర్డ్ పర్వతశ్రేణులు వెలిశాయి. కనుచూపు మేర మంచు తప్ప ఏమీ లేని ఓ మహా ప్రదేశానికి తన భార్య పేరు పెట్టాడు, మేరీ బర్డ్ ల్యాండ్. దాని విస్తీర్ణం సుమారు 16 లక్షల చదరపు కిలోమీటర్లు, మన దేశంలో దాదాపు సగం. తమాషా ఏంటంటే ఆ ముక్కని ఈరోజుకీ ఏ దేశమూ మాది అనలేదు. భూమ్మీద ఎవరూ అడగని నేల అంత పెద్దది ఇంకోటి లేదు. భార్యకి చీర కొనిచ్చి మార్కులు కొట్టేసే మొగుళ్లు ఈయన్ని చూసి ఏమనుకోవాలో.

రెండో యాత్ర 1933-35. అప్పటికి అమెరికాలో మహా మాంద్యం, డబ్బు పుట్టడం కష్టం. అందుకని స్పాన్సర్ల వేట బాగా సాగింది. కార్ల విడిభాగాలు అమ్మే పెప్ బాయ్స్ వాళ్ల పేరు మీద ఒక ఆటోజైరో, అంటే హెలికాప్టర్‌కి పెదనాన్న లాంటి యంత్రం, దాని పేరు 'పెప్ బాయ్స్ స్నోమాన్'. అంటార్కిటికా నుంచి వారం వారం రేడియో కార్యక్రమం, దానికి ఓ బ్రేక్‌ఫాస్ట్ తిండి స్పాన్సర్. అన్నిటికంటే పెద్ద విమానం, రెండు ఇంజన్ల కర్టిస్ కాండర్, మంచు మీద దిగడానికి చక్రాల బదులు స్కీలు. దాని పేరు 'విలియం హార్లిక్'. ఐపీఎల్ జెర్సీల మీద ఇన్ని పేర్లెందుకని చిరాకు పడేవాళ్లు 90 ఏళ్ల కిందట మంచు ఖండం మీద ఎగిరినవాటిని చూసి ఉంటే ఏమనేవాళ్లో.

ఇంకో సంగతి చెప్పకుండా ముందుకెళ్లలేను. పొడి పాల వ్యాపారి డబ్బుతో నడిచిన ఈ యాత్రలోకి బర్డ్ మూడు నిజమైన ఆవుల్ని ఓడెక్కించి తీసుకెళ్లాడు! గెర్న్సీ జాతి ఆవులు. దారిలో సముద్రం మీదే ఒకటి ఈని దూడ పుట్టింది, దానికి ఐస్‌బర్గ్ అని పేరు పెట్టారు. మంచు కింద పశువుల కొట్టం కట్టి పాలు పితుక్కున్నారు. పత్రికలకి మాత్రం పండగే. హార్లిక్ గారు ఈ ఆవుల్ని చూసి ఏమనుకున్నారో ఎక్కడైనా రాసిపెట్టి ఉంటే చదవాలని ఉంది.

1934 చలికాలం బర్డ్ ఒక్కడే బేస్‌కి దూరంగా మంచులో పాతిన చిన్న గుడిసెలో వాతావరణం కొలతలు తీసుకుంటూ కూర్చున్నాడు. పొయ్యి నుంచీ జనరేటర్ నుంచీ వచ్చిన కార్బన్ మోనాక్సైడ్‌కి చావు దాకా వెళ్లాడు. రేడియోలో మాటలు తేడాగా ఉన్నాయని అనుమానపడ్డ సహచరులు చీకట్లో ట్రాక్టర్ మీద వెళ్లి కాపాడారు. కోలుకుని బేస్‌కి వచ్చిన కొద్ది వారాలకే దూరప్రయాణాల విమాన యాత్రలు మొదలుపెట్టారు. ఆ యాత్రల్లో ఒకటి, 1934 నవంబర్ 18న. విమానంలోంచి చూస్తే మంచు పీఠభూమిలోంచి లేచిన ఓ పేద్ద కొండ, శిఖరం పక్కన పగిలిన గిన్నెలా ఓ బిలం. అప్పటిదాకా మనిషి కంటికి కనబడనిది. దానికి ఏం పేరు పెట్టాలి?

విలియం హార్లిక్ కూతురు మేబెల్ హార్లిక్ సిడ్లీ. ఆమె కూడా ఈ యాత్రకి డబ్బిచ్చిన దాతల్లో ఒకరు. అంతే, మౌంట్ సిడ్లీ.

పెళ్లయ్యాక వచ్చిన ఇంటిపేరుతో పెట్టడం వల్ల జరిగిందేంటంటే, మ్యాపులో ఆ కొండ పేరు చూసిన వాడెవడికీ హార్లిక్స్ గుర్తుకు రాదు. నాకూ మొదట ఆ పేరు తగిలింది అగ్నిపర్వతాల జాబితా ఒకటి తిరగేస్తున్నప్పుడు. అంటార్కిటికాలో ఎత్తయిన అగ్నిపర్వతం ఏది అంటే అందరూ ఎరెబస్ అంటారు, ఎందుకంటే అది ఇంకా పొగలు కక్కుతోంది, లోపల లావా చెరువు ఉంది, దాని పేరు బ్రిటిష్ నావికుడు జేమ్స్ రాస్ 1841లో తన ఓడ పేరు మీద పెట్టాడు, అందరికీ తెలుసు. కానీ ఎరెబస్ ఎత్తు 3,794 మీటర్లే. సిడ్లీ దాన్ని దాటి దాదాపు నాలుగు వందల మీటర్లు పైన ఉంది. పాత మ్యాపుల్లో 4,285 మీటర్లని ఉంటుంది, కొత్త కొలతల ప్రకారం 4,181. ఎలా చూసినా ఆ ఖండంలో అగ్నిపర్వతాలన్నిటికీ పెద్దక్క.

కూతురికి కొండ ఇచ్చి తండ్రికి ఇవ్వకపోతే బాగుండదు కదా. అదే నెలలో ఇంకో విమాన ప్రయాణంలో, ఇంకా దక్షిణంగా, కొత్త పర్వతాలు దూరంగా కనబడ్డాయి. కొద్ది రోజుల తర్వాత మంచు మీదుగా వెళ్లిన బృందానికి కూడా ఇంకో దిక్కు నుంచి అవే కనబడ్డాయి. వాటికి హార్లిక్ పర్వతాలు అని పెట్టాడు బర్డ్. తండ్రి పేరున్న పర్వతాలకీ కూతురి పేరున్న కొండకీ మధ్య తొమ్మిది వందల కిలోమీటర్లకు పైనే దూరం. ఇంకో చిత్రం, హార్లిక్ పర్వతాల్లో ఒక భాగం పేరు విస్కాన్సిన్ రేంజ్. ఆహా, రసీన్ ఫ్యాక్టరీ ఉన్న రాష్ట్రం పేరే పెట్టారు అనుకుంటాం, కానీ అది విస్కాన్సిన్ యూనివర్సిటీ శాస్త్రవేత్తల పుణ్యమా అని తర్వాత వచ్చిన పేరు. పక్క భాగం ఒహైయో రేంజ్, అది కూడా యూనివర్సిటీ పేరే. హార్లిక్ పేరుతో ఒక మంచుప్రవాహం కూడా ఉంది. బూస్ట్‌కి గానీ బోర్న్‌విటాకి గానీ ఇలాంటివి ఉన్నట్టు నేనెక్కడా చూడలేదు.

సిడ్లీ చుట్టూ ఉన్న కొండల పేర్లు చూస్తే ఇంకా నవ్వొస్తుంది. ఆ వరస పేరు ఎగ్జిక్యూటివ్ కమిటీ రేంజ్. అవును, కమిటీయే! 1939-41లో అమెరికా ప్రభుత్వం సొంతంగా ఓ అంటార్కిటికా యాత్ర పంపింది, దాన్ని నడిపించడానికి వాషింగ్టన్‌లో ఓ కమిటీ వేసింది. యాత్రకి వెళ్లినవాళ్లు కమిటీ సభ్యుల పేర్లన్నీ ఒక్కో అగ్నిపర్వతానికి పంచేశారు. హాంప్టన్ అనేది ఇంటీరియర్ శాఖ తరఫున కూర్చున్న రూత్ హాంప్టన్ పేరు, కమ్మింగ్ విదేశాంగ శాఖ ఆయన పేరు, హార్టిగన్ నౌకాదళం ఆయన, వేషీ కోస్ట్‌గార్డ్ ఆయన. మన దగ్గర ఏ ప్రాజెక్టు కాలవకో గట్టుకో శిలాఫలకం వేసి, అధ్యక్షుల నుంచి డైరెక్టర్ల దాకా పేర్లు చెక్కిస్తారు కదా, వాళ్లకి ఏకంగా అగ్నిపర్వతాలే దొరికాయి. ఆ నలుగురు ఆఫీసర్ల మధ్య వాళ్లందరికంటే ఎత్తుగా నిలబడ్డది కమిటీతో ఏ సంబంధమూ లేని మాల్టెడ్ మిల్కు వ్యాపారి కూతురు. వాళ్లు వచ్చేసరికే ఆ పేరు మ్యాపులో ఉంది మరి, ఎవరేం చేస్తారు.

కొండని కనిపెట్టడం 1934లో జరిగితే ఎక్కడం ఎప్పుడు జరిగిందనుకున్నారు? 1990 జనవరి 11న. ఎవరెస్టు ఎక్కి 36 ఏళ్లు దాటిపోయాక! శాస్త్రవేత్తల బృందానికి సాయంగా వెళ్లిన న్యూజిలాండ్ మనిషి బిల్ అట్కిన్సన్ మొదట ఎక్కాడు. ఎక్కడం మరీ అంత కష్టమని కాదు, అక్కడికి చేరడమే అసలు కష్టం. చిలీ చివర ఉన్న పుంటా అరెనాస్ నుంచి విమానంలో యూనియన్ గ్లేసియర్ అనే మంచు రన్‌వే మీద దిగాలి, అక్కడి నుంచి స్కీల విమానంలో మేరీ బర్డ్ ల్యాండ్ దాకా ఎగరాలి. చుట్టుపక్కల ఊరనేది లేదు, తోడు లేదు, వాతావరణం చెడితే టెంట్‌లో పడుకుని ఎదురుచూడటమే. ఇప్పుడు ఏడు ఖండాల ఎత్తయిన అగ్నిపర్వతాలు ఎక్కే ఓ మోజు మొదలయ్యాక కొంతమంది డబ్బున్నవాళ్లు, స్పాన్సర్లు దొరికినవాళ్లు వెళ్తున్నారు. మన దేశం నుంచి సత్యరూప్ సిద్ధాంత అనే బెంగాలీ పర్వతారోహకుడు 2019 జనవరిలో ఎక్కాడు. ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలూ, ఏడు ఖండాల ఎత్తయిన అగ్నిపర్వతాలూ రెండూ పూర్తిచేసిన భారతీయుడు ఆయన. మన తెలుగువాళ్లలో నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు 2006లో, నిజామాబాద్ జిల్లా మాలావత్ పూర్ణ 2019 డిసెంబర్‌లో అంటార్కిటికాలో ఎక్కింది విన్సన్ శిఖరం, అది ఖండంలోకెల్లా ఎత్తయినది కానీ అగ్నిపర్వతం కాదు. ఆ పేరూ ఓ రాజకీయ నాయకుడిదే, అమెరికా కాంగ్రెస్ సభ్యుడు కార్ల్ విన్సన్, అంటార్కిటికా యాత్రలకి ప్రభుత్వం నుంచి డబ్బు ఇప్పించినవాడు. డబ్బిచ్చినవాడికీ ఇప్పించినవాడికీ తప్ప ఆ ఖండంలో పెద్ద కొండలు దక్కేలా లేవు.

సిడ్లీ ఇప్పుడు చల్లబడ్డ అగ్నిపర్వతమే, అది పేలిన కాలం లక్షల ఏళ్ల వెనక. కానీ ఆ వరసలో కొండల వయసు చూస్తే ఉత్తరం నుంచి దక్షిణానికి వచ్చేకొద్దీ కుర్రవి అవుతాయి. 2010లోనూ 2011లోనూ అక్కడ మంచు మీద పెట్టిన భూకంప పరికరాల్లో, ఆ వరస దక్షిణం చివర దాటాక భూమి లోపల 25 నుంచి 40 కిలోమీటర్ల లోతులో చిన్నచిన్న కుదుపులు గుంపులు గుంపులుగా నమోదయ్యాయి. కరిగిన రాయి కదిలితే వచ్చే తరహా కుదుపులవి. 2013లో ఆ పరిశోధన అచ్చయింది. అంటే కిలోమీటరుకి పైగా మందం ఉన్న మంచు కింద కొత్త అగ్నిపర్వతం ఒకటి తయారవుతూ ఉండొచ్చు. దానికి ఏ డ్రింకు కంపెనీ వారసుల పేరు పెడతారో అని అడక్కండి, ఆ రోజులు పోయాయి.

ఎందుకు పోయాయంటే, అమెరికా వాళ్లు తర్వాత అంటార్కిటికా పేర్లకి నియమాలు రాసుకున్నారు. డబ్బో సామానో ఇచ్చి, దాన్ని వ్యాపార ప్రకటనలకి వాడుకుని లాభం పొందాలని చూసిన దాతల పేర్లు పనికిరావు. వస్తువుల పేర్లు పనికిరావు. స్లెడ్జి కుక్కల పేర్లు, పెంపుడు జంతువుల పేర్లు అసలే పనికిరావు. పాపం ఐస్‌బర్గ్ దూడకి ఆ దారి కూడా మూసుకుపోయింది. ఇప్పుడైతే మేబెల్ సిడ్లీ పేరు ఈ నియమాలు చూసేవాళ్ల ముందుకు వస్తే అంత సులువుగా దాటేదా అన్నది నాకు అనుమానమే. కానీ బర్డ్ పెట్టిన పేరు అప్పటికే మ్యాపుల్లో పాతుకుపోయింది. వస్తువు పేరు కాదు, మనిషి పేరు కాబట్టి పరవాలేదని సర్దుకోవచ్చు. డబ్బిచ్చిన వాళ్ల పేరు పెడితే తప్పేంటి అని కూడా నేను ఆలోచించా. ఆ కొండకి అప్పటిదాకా పేరు పెట్టుకున్న మనుషులు లేరు, అక్కడ ఎవరూ బతకలేదు, ఎవరి దేవుడూ అక్కడ లేడు. ఎవరి పేరునీ చెరిపేసి సిడ్లీ అని రాయలేదు. ఎవరెస్టుకి టిబెట్ వాళ్ల పేరు చోమోలుంగ్మా ఉండగా సర్వే ఆఫీసర్ పేరు రుద్దినదానికంటే ఇది చాలా నయం.

సరే, మళ్లీ డబ్బా దగ్గరికి. ఇండియాలో హార్లిక్స్ పాకిన దారి వేరు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులతో వచ్చిందంటారు. 1960 ప్రాంతంలో పంజాబ్‌లోని నాభాలో ఫ్యాక్టరీ పెట్టి గేదెపాలతో చేయడం మొదలుపెట్టారు. తర్వాత మన రాజమండ్రి దగ్గర కూడా ఫ్యాక్టరీ వచ్చింది, గోదావరి జిల్లాల వాళ్లకి ఈ సంగతి కొత్తేమీ కాదు. చేతులు మారి మారి 2020 నుంచి హిందుస్థాన్ యూనిలీవర్ వాళ్లది. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ తాగేది మనమే, అందులోనూ దక్షిణాది, తూర్పు రాష్ట్రాలు.

ఇంగ్లండ్‌లో దీన్ని రాత్రి పడుకునే ముందు తాగుతారు, నిద్ర బాగా పడుతుందని. అదే మన దగ్గర పొద్దున్నే స్కూలుకి వెళ్లే పిల్లాడికి ఇస్తారు, చురుకుదనం వస్తుందని. ఒకే జాతి పొడి అక్కడ జోకొడుతుంది, ఇక్కడ లేపుతుంది! పిల్లలు పొడుగ్గా, బలంగా, చురుగ్గా అవుతారని ఏళ్ల తరబడి టీవీలో ఊదరగొట్టిన ప్రకటన అందరికీ గుర్తుండే ఉంటుంది. 2008లో అలాంటి ప్రకటన ఒకటి పొరపాటున బ్రిటన్‌లో ప్రసారమైతే అక్కడి ప్రకటనల నియంత్రణ సంస్థ నిరూపణ లేదని ఆపేయమంది. మన దగ్గర 2024లో, చట్టంలో "హెల్త్ డ్రింక్" అన్న మాటకి నిర్వచనమే లేదన్న గొడవ వచ్చాక, కంపెనీ హార్లిక్స్‌ని ఆ పేరుతో పిలవడం మానేసి "ఫంక్షనల్ న్యూట్రిషనల్ డ్రింక్" వర్గంలోకి మార్చింది. పేరు మారిందే తప్ప పొడి మారలేదు.

కాబట్టి పొడుగు కోసం కొనేవాళ్లకి నా మాట ఇదీ: ఈ పొడి పేరు చెప్పుకుని నాలుగు వేల మీటర్లు దాటింది నాకు తెలిసి ఒక్కటే, అది మేరీ బర్డ్ ల్యాండ్‌లో ఉంది. మీవాడి పొడుగు మీ ఆయన వైపు నుంచో మీ వైపు నుంచో వస్తుంది, మిగతాది పప్పు, గుడ్డు, పెరుగు చూసుకుంటాయి. పాకెట్ వెనక పట్టికలో చక్కెర ఎంతుందో ఓసారి చదవండి, ఆ పైన గ్లాసులో ఇంకో రెండు చెంచాల పంచదార వేసే అలవాటుంటే వెంటనే మానేయండి. షుగర్ ఉన్న పెద్దవాళ్లకి తీసుకెళ్లేటప్పుడు డాక్టర్ని అడిగి తీసుకెళ్లండి, ఆసుపత్రికి సీసా పట్టుకెళ్లే మర్యాద కంటే అది ముఖ్యం. విటమిన్లు, ఐరన్ లాంటివి కలుపుతారు, కాదనను, పాలు ముట్టని పిల్లాడు దీని రుచికి పడి ఓ గ్లాసు పాలు తాగితే అది నిజమైన లాభమే.

రకాల సంగతి త్వరగా చెప్పేస్తా. చాక్లెట్ రకం కొనే బదులు కోకో డ్రింకే కొనుక్కోండి. కేసర్ బాదం పండగపూట బాగానే ఉంటుంది. జూనియర్, ఉమెన్స్, మదర్స్ అని వయసుకో డబ్బా ఉంది, వాటిలో కలిపే పోషకాల్లో తేడాలున్నాయి కాబట్టి గర్భిణులకి, చిన్నపిల్లలకి కొనేటప్పుడు డాక్టర్ మాట విని కొనడం మంచిది, నా రివ్యూ చూసి కాదు. ఇంట్లో ఖాళీ డబ్బా ఉంటే రీఫిల్ పాకెట్ కొనండి, డబ్బా ధర మిగులుతుంది. గాజు సీసాల కాలంలో కందిపప్పు, ధనియాలు, చింతకాయ తొక్కు అన్నీ అందులోనే కొలువుండేవి, ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాల్లో తొక్కు మాత్రం పెట్టకండి.

రుచికి ఐదుకి నాలుగు. కలపడానికి మూడున్నర. డబ్బా మీద రాతలకి ఒకటి, అది కూడా జాలిపడి. ఆ ఒకటి కాస్తా ఐదు చేసుకోవాలంటే మార్గం చెప్తా: పొడుగు బొమ్మలు తీసేసి, ఓ మూల మౌంట్ సిడ్లీ బొమ్మ, కింద 1934 నవంబర్ 18 అని వేయండి. పిల్లలు తాగుతూ చదువుకుంటారు. ఇక ఇలాచీ రకం గురించి ఎవరూ అడగలేదు కానీ చెప్తున్నా, యాలకులు కావాలంటే పాయసం చేసుకుంటా, హార్లిక్స్‌లో నాకొద్దు.